బీహెచ్‌టీ లాంటి యాంటీఆక్సిడెంట్‌కి రిప్రొడక్షన్ స్టడీ ఎలా చెయ్యాలి: ఫీడ్ కలపడం దగ్గర్నించి ఏడీఐ దాకా

నూనె ప్యాకెట్ వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో యాంటీఆక్సిడెంట్ ఐఎన్ఎస్ 319 అని ఉంటుంది కదా, అది టీబీహెచ్‌క్యూ. దాని తర్వాత నంబర్లే 320 బీహెచ్ఏ, 321 బీహెచ్‌టీ, మూడూ ఒకే కుటుంబం, నూనె, కొవ్వు గాలి తగిలి పాడవకుండా ఆపడం వీటి పని. ఇవి వేసిన తిండి ఎవరు తింటారంటే అందరూ తింటారు, నెల తప్పిన అమ్మాయి తింటుంది, బాలింత తింటుంది, ఏడాది నిండని పిల్లాడి చేతిలో కూడా బిస్కెట్ ముక్క పెడతాం. అందుకే కేన్సర్ రాదని తేలినంత మాత్రాన సరిపోదు, చూలు నిలవడం, పిల్ల కడుపులో ఎదగడం, పుట్టాక పాలు తాగి బరువు పెరగడం, ఆ పిల్ల పెద్దయ్యి మళ్ళీ తను పిల్లల్ని కనడం, ఇదంతా చూడాలి, దీన్ని జంతువుల్లో చూసేదే రిప్రొడక్షన్ స్టడీ.

ఫార్మసీ, వెటర్నరీ, టాక్సికాలజీ చదివి జీనోమ్ వ్యాలీ లాంటి చోట్ల సీఆర్వోల్లో, అంటే వేరే కంపెనీల కోసం టెస్టులు చేసిపెట్టే సంస్థల్లో చేరుతున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు. చేరిన రోజే ఎస్ఓపీ ఫైలు, అంటే పని ఎలా చెయ్యాలో రాసిపెట్టిన ఫైలు చేతికిస్తారు గానీ ఏది ఎందుకు అలా చెయ్యాలో కూర్చోబెట్టి చెప్పే టైం ఎవరికీ ఉండదు. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం, అలాగే ఏడీఐ (మనిషి జీవితాంతం రోజూ తిన్నా ఫర్వాలేదనే మోతాదు) అనే అంకె ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవాలనుకునే ఎవరికైనా సరే పనికొస్తుందని రాస్తున్నా.

బీహెచ్‌టీనే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నానంటే దాని ఏడీఐ నేరుగా ఈ రకం స్టడీల్లోంచే వచ్చింది. టీబీహెచ్‌క్యూకి ఫుడ్ ఎడిటివ్‌ల మీద అంతర్జాతీయ నిపుణుల కమిటీ జెక్ఫా పెట్టిన, కిలో బరువుకి 0.7 మిల్లీగ్రాములు కుక్కల మీద చేసిన దీర్ఘకాల స్టడీ నుంచి వచ్చింది. బీహెచ్‌టీకి మాత్రం యూరప్ ఫుడ్ సేఫ్టీ సంస్థ ఈఎఫ్ఎస్ఏ 2012లో మళ్ళీ లెక్క తీసినప్పుడు రెండు తరాల ఎలుక స్టడీలనే పునాదిగా తీసుకుంది, ఒక ఈతలో పిల్లల సంఖ్య తగ్గడం, పాలు తాగే వయసులో బరువు సరిగ్గా పెరక్కపోవడం లాంటివి చూసి, కిలో బరువుకి రోజుకి 25 మిల్లీగ్రాముల దగ్గర ఏ హానీ లేదని తేల్చి, దాన్ని 100తో భాగించి 0.25 అని పెట్టింది. అంటే ఇక్కడ పాలు తాగే ఎలుక పిల్ల బరువు నిర్ణయంలో పెద్ద భాగాన్ని మోసింది. ఆ బరువు ఎందుకు తగ్గిందో సరిగ్గా చెప్పగలగడమే ఈ స్టడీ చేసేవాళ్ళ అసలు పని అని నా నమ్మకం, కింద రాసేవన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఏ స్టడీ చెయ్యాలో తేల్చుకోండి

టెస్టులు ఎలా చెయ్యాలో చెప్పే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ గైడ్‌లైన్లు నాలుగు గుర్తుపెట్టుకుంటే చాలు. 421 అనేది స్క్రీనింగ్, చిన్నది, డోస్ అంచనాకి పనికొస్తుంది గానీ దాన్ని చూపించి సేఫ్ అని సర్టిఫికెట్ ఇవ్వలేం. 414 చూలు మీద ఉన్న ఎలుకలకి, కుందేళ్ళకి డోస్ ఇచ్చి ఈనడానికి ఒక రోజు ముందు పిండాల్ని పరీక్షించేది. 416 రెండు తరాల స్టడీ, పాత పద్ధతి. 443 అనేది 2011లో వచ్చిన ఎక్స్‌టెండెడ్ వన్ జనరేషన్ స్టడీ, ఇందులో మొదటి తరం పిల్లల్నే కోహార్టులుగా, అంటే ఒక్కో పరీక్షకి ఒక్కో గుంపుగా విడగొట్టి హార్మోన్లు, నరాలు, ఇమ్యూనిటీ కూడా చూస్తారు, అవసరమైతేనే రెండో తరానికి వెళ్తారు. రెండో తరం అక్కర్లేకపోతే 416తో పోలిస్తే వెయ్యికి పైగా జంతువులు మిగుల్తాయి, అది చిన్న విషయం కాదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెడితే 443, దానితోపాటు 414, ఈ రెండూ పెట్టుకోమనే నేను చెప్తాను.

మన దేశంలో అయితే సంస్థలోని జంతు ఎథిక్స్ కమిటీ, అంటే ఐఏఈసీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకని కూడా ముట్టుకోకూడదు, జంతు ప్రయోగాల్ని చూసే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, రిపోర్టు బయట దేశాల్లో చెల్లాలంటే జీఎల్పీ (ల్యాబ్ పని నాణ్యతా నియమాలు) సర్టిఫికెట్ ఉండాలి. 2011లో ఇండియా ఓఈసీడీ పరస్పర అంగీకార వ్యవస్థలో పూర్తి సభ్యత్వం తెచ్చుకుంది కాబట్టి ఇక్కడ జీఎల్పీ కింద చేసిన డేటాని అక్కడ మళ్ళీ చెయ్యమని అడగరు, దాని వల్ల కూడా కొన్ని వందల జంతువులు బతికిపోతాయి.

మొదలుపెట్టే ముందు పాత సాహిత్యం చదవండి, దీనికి వారం పట్టినా పర్లేదు. 1959లో ఆస్ట్రేలియా నుంచి ఒక పేపర్ వచ్చింది, బీహెచ్‌టీ తిన్న ఎలుకలకి కళ్ళు లేని పిల్లలు పుట్టాయని. ఎంత భయం పుట్టించే మాట అది. తర్వాత 1965లో చుంచెలుకల్లో ఆ ప్రశ్ననే మళ్ళీ పరీక్షిస్తే అలాంటిదేమీ కనపడలేదు, వేరే ల్యాబులు చేసిన ఎలుక స్టడీల్లోనూ అది రాలేదు. కానీ ఆ ఒక్క పేపర్ వల్ల ఇప్పటికీ 414 చేసేటప్పుడు కళ్ళని ప్రత్యేకంగా చూస్తాం, చూడాలి కూడా. ఇంకోటి, 1970ల్లో జపాన్‌లో బీహెచ్‌టీ ఎక్కువ డోసులో పెట్టిన మగ ఎలుకలు లోపల రక్తం కారి చచ్చిపోవడం గమనించారు, విటమిన్ కె పనిని అడ్డుకుని రక్తం గడ్డకట్టే ఫ్యాక్టర్లని తగ్గిస్తుందని తేలింది. కాన్పు అంటేనే రక్తంతో పని కాబట్టి మీ ప్రోటోకాల్‌లో ప్రోత్రాంబిన్ టైం, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే టెస్ట్ కచ్చితంగా ఉండాలి, ఈనే రోజు బ్లీడింగ్ ఎంత ఉందో రాసుకునే గడి కూడా షీట్‌లో పెట్టుకోండి.

ఫీడ్, ఇక్కడే సగం స్టడీ ఉంది

మందుల కంపెనీ స్టడీల్లో గావేజ్ చేసి, అంటే గొట్టంతో నేరుగా పొట్టలోకి డోస్ పోస్తారు, ఫుడ్ ఎడిటివ్‌కి అలా కాకుండా ఫీడ్‌లోనే కలపడం మంచిది ఎందుకంటే మనిషి కూడా దాన్ని తిండితోనే కొద్దికొద్దిగా తింటాడు. కానీ యాంటీఆక్సిడెంట్‌ని ఫీడ్‌లో కలపడం వేరే ఏ కెమికల్‌ని కలపడం లాంటిది కాదు, ఎందుకంటే అది ఎలుక కడుపులోకి వెళ్ళకముందే ఫీడ్ మీద పని చేయడం మొదలుపెడుతుంది. డోస్ గ్రూపు ఫీడ్ తాజాగా ఉంటుంది, కంట్రోల్ ఫీడ్, అంటే పోలిక కోసం బీహెచ్‌టీ వెయ్యకుండా ఉంచిన ఫీడ్, అదే టైంలో పాడవుతూ ఉంటుంది. మీరు పోల్చాలనుకున్నది బీహెచ్‌టీ ఉన్న తిండి, లేని తిండి, నిజానికి పోలుస్తున్నది మాత్రం తాజా తిండి, చెడిపోయిన తిండి.

ఇదేదో ఊహించి చెప్తున్నది కాదు. 1922లో అమెరికాలో బర్క్‌లీలో హెర్బర్ట్ ఎవాన్స్, కేథరిన్ బిషప్ అనే ఇద్దరు ఎలుకలకి పందికొవ్వు వేసిన శుద్ధి చేసిన తిండి పెట్టారు, ఎలుకలు బాగానే పెరిగాయి, చూలు కూడా నిలిచింది, కానీ పిండాలు కడుపులోనే కరిగిపోయాయి. లెట్యూస్ ఆకులు పెడితే మళ్ళీ పిల్లలు పుట్టాయి. ఆ ఆకుల్లో ఉన్నదే తర్వాత విటమిన్ ఇ అయింది. పాడైన కొవ్వు ఫీడ్‌లో ఉన్న విటమిన్ ఇని తినేస్తుంది, విటమిన్ ఇ లేకపోతే పిండాలు పోతాయి. ఇప్పుడు మీ కంట్రోల్ ఫీడ్ చెడిపోయి కంట్రోల్ గ్రూపులో రిజార్ప్షన్లు, అంటే కడుపులోనే కరిగిపోయే పిండాలు పెరిగాయనుకోండి, బీహెచ్‌టీ గ్రూపు దాని పక్కన చక్కగా కనపడుతుంది, బీహెచ్‌టీ వల్ల నిజంగా ఏదైనా చిన్న నష్టం జరుగుతున్నా అది ఆ తేడాలో మునిగిపోతుంది. పుట్టబోయే పిల్లల సేఫ్టీ తేల్చే స్టడీలో ఇంతకన్నా ప్రమాదకరమైన తప్పు ఇంకోటి ఉండదని నేను గట్టిగా అంటాను.

కాబట్టి ఏం చెయ్యాలంటే, అన్ని గ్రూపులకీ ఒకే లాట్ ఫీడ్, ఒకే లాట్ నూనె వాడండి. కలపడానికి వాడే కార్న్ ఆయిల్‌లో కంపెనీ ముందే యాంటీఆక్సిడెంట్ వేసి ఉండొచ్చు, సర్టిఫికెట్ అడగండి, సర్టిఫికెట్‌ని నమ్మి ఊరుకోకుండా మీరూ టెస్ట్ చేయించండి. మామూలు ఎలుక ఫీడ్‌లో చేపపొడి ఉంటే దానితోపాటు ఇథాక్సీక్విన్ అనే ఇంకో యాంటీఆక్సిడెంట్ వచ్చేస్తుంది, ఫీడ్ కంపెనీ తను వెయ్యలేదని నిజాయితీగానే చెప్తుంది, చేపపొడి నిల్వ కోసం అంతకుముందే ఎవరో వేసి ఉంటారు. అందుకే చేపపొడి లేని ఫీడ్ తీసుకోండి. విటమిన్ ఇ తగినంత ఉందో లేదో కంట్రోల్ ఫీడ్‌లో కొలవండి, కొవ్వు ఎంత పాడైందో చెప్పే పెరాక్సైడ్ వాల్యూ కంట్రోల్‌లోనూ, డోస్ ఫీడ్‌లోనూ రెండిట్లోనూ చూడండి, కలిపిన రోజు ఒకసారి, ఎలుక ముందు గిన్నెలో పెట్టిన గడువు అయిపోయే రోజు ఇంకోసారి. తేడా పెరుగుతుంటే గిన్నెలు మార్చే గడువు తగ్గించెయ్యండి, పని ఎక్కువవుతుంది, అయినా సరే.

సోయా విషయం కూడా చూసుకోండి, సోయాలో ఈస్ట్రోజెన్ లాంటి పదార్థాలుంటాయి, లాట్ మారితే పిల్లల్లో యుక్తవయసు వచ్చే రోజు అటూ ఇటూ జరుగుతుంది.

బీహెచ్‌టీ ఆవిరైపోయే గుణం ఉన్న పదార్థం, వేడిచేసి పెల్లెట్లు కడితే కొంత ఎగిరిపోతుంది, అందుకే పొడి ఫీడ్‌గానే ఉంచాలి. కలిపే పద్ధతి ఇది: బీహెచ్‌టీని ముందు కొద్ది నూనెలో కరిగించి, ఆ నూనెని కొంచెం ఫీడ్‌లో బాగా పట్టించి, దాన్ని ఇంకొంచెం ఫీడ్‌లో, ఆ మొత్తాన్ని మరికొంచెంలో, అలా పెంచుకుంటూ పోవాలి, ఒకేసారి పెద్ద మిక్సర్‌లో పడేస్తే ఒకచోట ముద్దలా ఒకచోట ఖాళీగా ఉంటుంది. కంట్రోల్ ఫీడ్‌కి కూడా అదే నూనె, అదే మోతాదు, అదే టైం మిక్సింగ్. కలిపాక పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి శాంపిల్ తీసి కొలిపించండి. ఖాళీ కేజ్‌లో గిన్నె పెట్టి యానిమల్ రూం టెంపరేచర్‌లో రోజూ ఎంత తగ్గుతుందో స్టడీకి ముందే చూసుకోవాలి, ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు నిలవుందో చెప్పే రిపోర్టు ఇక్కడ అక్కరకి రాదు, ఎలుక ఫ్రిజ్‌లో తినదు కదా.

డోస్ లెక్క, అందులో పాలిచ్చే రోజుల మెలిక

మూడు డోసులు, ఒక కంట్రోల్. పై డోసులో తల్లికి కొంచెం ప్రభావం కనపడాలి గానీ నీరసించి పడిపోకూడదు, కింది డోసులో ఏమీ కనపడకూడదు. 1986లో అచ్చయిన డేనిష్ స్టడీలో విస్టార్ అనే రకం ఎలుకలకి బీహెచ్‌టీ కిలోకి 25, 100, 500 మిల్లీగ్రాములు పెట్టారు, పిల్లల తరానికి వచ్చేసరికి పై డోస్‌ని 250కి దించారు. మీరు మొదలుపెట్టే ముందు ఇలాంటి పాత అనుభవం చూసుకుంటే పై డోస్ ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. పై డోస్ మరీ ఎక్కువైతే తల్లి తిండి మానేస్తుంది, తల్లి చిక్కిపోతే పిల్ల ఎలాగూ చిక్కిపోతుంది, అప్పుడు మీకు తెలిసేది ఆకలి గురించే తప్ప బీహెచ్‌టీ గురించి కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. 250 గ్రాముల ఆడ ఎలుక రోజుకి సుమారు 20 గ్రాములు తింటుందనుకుందాం, అంటే కిలో బరువుకి 80 గ్రాముల ఫీడ్. కిలోకి 25 మిల్లీగ్రాములు అందాలంటే ఫీడ్‌లో దాదాపు 312 పీపీఎం, అంటే కిలో ఫీడ్‌కి 312 మిల్లీగ్రాములు ఉండాలి. బాగుంది. అదే ఎలుక ఈని పది పిల్లలకి పాలిస్తూ 300 గ్రాముల బరువుతో రోజుకి 55 గ్రాములు తింటుంది, అదే 312 పీపీఎం ఫీడ్‌తో ఇప్పుడు దానికి అందేది కిలోకి 57 మిల్లీగ్రాములు. మీరు 25 అని రాసుకున్న గ్రూపు పాలిచ్చే వారాల్లో రెండింతలు దాటి తింటోంది, సరిగ్గా పిల్లల బరువు చూసే వారాల్లోనే. అందుకే పాలిచ్చే కాలానికి ఫీడ్‌లో పీపీఎం సగానికి తగ్గించిన బ్యాచ్ వేరేగా కలుపుకోవాలి, తగ్గించకపోతే కనీసం వారం వారం నిజంగా ఎంత అందిందో లెక్కగట్టి రిపోర్టులో పెట్టాలి. ప్రతి కేజ్‌కీ ఫీడ్ తూకం వేసేటప్పుడు గిన్నె కింద ఒలికిన పొడి కూడా ఏరి తూచాలి, పొడి ఫీడ్‌ని ఎలుకలు బాగా చిందిస్తాయి.

జత కట్టించడం

మగ ఎలుకలో వీర్యకణాలు తయారై బయటికొచ్చేదాకా సుమారు పది వారాలు పడుతుంది, 416లో అందుకే జత కట్టించే ముందు 10 వారాలు డోస్ పెడతారు. 443లో కనీసం 2 వారాలే, ఎందుకంటే పుట్టిన పిల్లలు కడుపులో ఉన్నప్పట్నించీ పెద్దయ్యేదాకా డోస్ తింటాయి, మగతనం మీద ప్రభావం వాటిలో చూడొచ్చన్నది లెక్క. ఎడిటివ్ విషయంలో మాత్రం తండ్రి తరానికి కూడా 10 వారాలు పెడితేనే నాకు తృప్తి, మనిషి జీవితాంతం తినేదాన్ని ఎలుకకి రెండు వారాలు పెట్టి జత కట్టించడం నాకు చాలదనిపిస్తుంది.

చక్రం ఏ దశలో ఉందో తెలియడానికి ఆడ ఎలుకకి రోజూ ఒకే టైంకి యోని స్మియర్ తియ్యాలి. డ్రాపర్ కొసలో రెండు చుక్కల సెలైన్, మెల్లిగా లోపలికి వదిలి వెంటనే వెనక్కి పీల్చి స్లైడ్ మీద వెయ్యాలి. మైక్రోస్కోప్‌లో గుండ్రంగా న్యూక్లియస్ కనపడే కణాలు గుంపులుగా ఉంటే ప్రోఈస్ట్రస్, ఆ రాత్రే జత కడుతుంది, న్యూక్లియస్ లేని పెచ్చుల్లాంటి కణాలు నిండా ఉంటే ఈస్ట్రస్, చిన్న తెల్ల రక్తకణాలే ఎటు చూసినా ఉంటే డైఈస్ట్రస్. నాలుగైదు రోజులకోసారి ఈ చక్రం తిరగాలి. డ్రాపర్ లోతుగా పెట్టి గర్భాశయ ముఖద్వారాన్ని తాకితే ఎలుక చూలు నిలిచిందనుకుని చక్రం ఆపేసుకుంటుంది, పన్నెండు పద్నాలుగు రోజులు అలా ఉండిపోతుంది, మీరేమో కెమికల్ వల్ల చక్రం చెడిందని రాస్తారు. కొత్తగా చేరినవాళ్ళకి చేతి అలవాటయ్యేదాకా స్టడీ జంతువుల మీద ఈ పని ఇవ్వకండి.

ఒక మగకి ఒక ఆడ, పొద్దున్నే స్మియర్‌లో వీర్యకణాలు కనపడినా, జత కట్టాక యోనిలో మిగిలే వీర్యపు ముద్ద, అంటే ప్లగ్ కనపడినా అది చూలుకి సున్నా రోజు. ఒక్కో గ్రూపులో చివరికి చూలు నిలిచిన ఎలుకలు కనీసం 20 ఉండేలా చూసుకోవాలి కాబట్టి 24 దాకా పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

ఈనే రోజు, ఆ తర్వాత మూడు వారాలు

21వ రోజు నుంచి పొద్దున సాయంత్రం చూస్తుండాలి. చచ్చిపోయిన పిల్లని తల్లి తినేస్తుంది, ఆలస్యంగా వెళ్తే మీ లెక్కలో అసలు అది పుట్టనే లేదు. అందుకే చివర్లో తల్లి గర్భాశయంలో ఇంప్లాంటేషన్ గుర్తులు, అంటే పిండాలు అతుక్కున్న చోట్లు లెక్కపెట్టి పుట్టిన పిల్లల సంఖ్యతో సరిచూడాలి, తేడా ఉంటే అవి ఎటు పోయాయో చెప్పగలగాలి.

పిల్లని చేతిలోకి తీసుకుని పొట్ట ఎడమ వైపు చూడండి. చర్మం ఇంకా పల్చగా గులాబీ రంగులో ఉంటుంది కాబట్టి లోపల కడుపులో పాలు తెల్లటి పట్టీలా బయటికే కనపడతాయి. ఆ తెలుపు ఉందా లేదా అన్నది ప్రతి పిల్లకీ రాసుకోండి, ఏ యంత్రమూ అక్కర్లేదు, బరువు తగ్గిన గ్రూపులో పాలు తాగి కూడా తగ్గిందా, పాలే అందలేదా అని తర్వాత వాదన వచ్చినప్పుడు ఈ ఒక్క గడే మీకు సాక్ష్యం. గ్లవుజులకి ఆ కేజ్‌లోని పొట్టు రుద్దుకుని ముట్టుకోండి, కొత్త వాసన తగిలితే కొన్ని తల్లులు పిల్లల్ని దగ్గరికి రానివ్వవు.

బరువులు పుట్టిన రోజు, 4, 7, 14, 21. నాలుగో రోజు పిల్లల సంఖ్య సమం చేస్తే, చెయ్యకముందూ చేశాకా రెండుసార్లు తూచాలి. మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం మైక్రోమీటర్‌తో కొలుస్తారు, మగదానికి ఆడదాని కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది, మగ హార్మోన్‌ని అడ్డుకునే పదార్థమైతే మగ పిల్లలో ఇది తగ్గుతుంది. పెద్ద పిల్లకి దూరం కూడా పెద్దదే కాబట్టి బరువు ఘనమూలంతో భాగించి పోల్చాలి. 12, 13 రోజుల్లో మగ పిల్లల్లో చనుమొనలు మిగిలాయా అని చూస్తారు, మామూలుగా మిగలవు.

ఇక బరువు. పద్నాలుగో రోజు దాటాక పిల్లలు తల్లి గిన్నెలో మూతి పెట్టి తినడం మొదలుపెడతాయి, అప్పట్నించి వాటికి పాల ద్వారా కొంత, ఫీడ్ ద్వారా నేరుగా కొంత అందుతుంది. కాబట్టి గ్రాఫ్ గీసి చూడండి, పుట్టినప్పుడే తక్కువ ఉందా, అయితే కడుపులో జరిగింది. పుట్టినప్పుడు సమానంగా ఉండి మొదటి రెండు వారాల్లో వెనకపడిందా, అయితే పాల విషయం, పాలు తక్కువయ్యాయా లేక పాలలోకి పదార్థం వెళ్ళిందా అన్నది తేల్చాలి. రెండు వారాల తర్వాతే వెనకపడితే ఫీడ్ నేరుగా తిన్న ప్రభావం. బీహెచ్‌టీ కొవ్వులో కరుగుతుంది కాబట్టి పాలు తీసి కొలవడం ప్రోటోకాల్‌లో పెట్టుకోవాలి. ఇంకా గట్టిగా తేలాలంటే క్రాస్ ఫాస్టరింగ్ చెయ్యాలి, అంటే పుట్టిన వెంటనే కంట్రోల్ తల్లి పిల్లల్ని డోస్ తల్లికి, డోస్ తల్లి పిల్లల్ని కంట్రోల్ తల్లికి మార్చి పెంచడం. గైడ్‌లైన్ దీన్ని తప్పనిసరి అనదు, ఖర్చు, జంతువులు ఎక్కువవుతాయి, కానీ ఏడీఐ చాలావరకు పిల్ల బరువు మీద నిలబడే పదార్థానికి చిన్న అదనపు గ్రూపుతో ఇది చేస్తే ఏళ్ళ తరబడి నడిచే వాదన ఒక్కసారిగా తగ్గిపోతుంది. అలాగే పై డోసు తల్లులు తిన్నంతే కొలిచి మామూలు ఫీడ్ పెట్టే పెయిర్ ఫెడ్ గ్రూపు ఒకటి ఉంటే ఆకలి వేరు, కెమికల్ వేరు అని చెప్పొచ్చు.

బీహెచ్‌టీ కాలేయంలో ఎంజైముల్ని పెంచుతుంది, కాలేయం బరువెక్కుతుంది, అలాంటప్పుడు థైరాయిడ్ హార్మోన్ కూడా త్వరగా ఖర్చయిపోవచ్చు. అందుకని తల్లుల్లోనూ పిల్లల్లోనూ థైరాయిడ్ పనితీరు చెప్పే టీ4, టీఎస్‌హెచ్ చూడటం 443లో ఉన్న మంచి విషయం, దాన్ని మొక్కుబడిగా చెయ్యకండి, రక్తం తీసే టైం అన్ని గ్రూపులకీ కలిపి అటూ ఇటూ మార్చుకుంటూ తియ్యండి, కంట్రోల్ అంతా పొద్దున, పై డోస్ అంతా మధ్యాహ్నం తీస్తే ఆ అంకెలకి అర్థం ఉండదు.

పాలు మాన్పించాక

ఆడపిల్లలో యోని తెరుచుకునే రోజు, మగపిల్లలో ప్రిప్యూస్ (పురుషాంగం ముందు చర్మం) విడిపోయే రోజు చూడాలి, మొదటిది సుమారు ఐదో వారంలో, రెండోది ఆరు వారాలు దాటాక, స్ట్రెయిన్ బట్టి మారుతుంది. ఆ రోజు బరువు కూడా తప్పకుండా రాయండి. ఆలస్యంగా వచ్చి ఆ రోజు బరువు మాత్రం కంట్రోల్‌తో సమానంగా ఉంటే, పిల్ల ఆ బరువుకి నెమ్మదిగా చేరడం వల్ల ఆలస్యమైందని అర్థం. అదే బరువు వచ్చేశాక కూడా రాకపోతే హార్మోన్ వైపు చూడాలి.

నరాల కోహార్టుని తేలిగ్గా తీసుకోకండి. బీహెచ్ఏకి ఈఎఫ్ఎస్ఏ 2011లో ఏడీఐ 1.0 అని పెట్టినప్పుడు పునాది ఎలుక పిల్లల ఎదుగుదల, మరణాలు, ప్రవర్తనలో మార్పులే, కిలోకి 100 మిల్లీగ్రాముల దగ్గర హాని లేదన్నది తీసుకున్నారు. అంతకుముందు ఉన్న 0.5 ఎలుక ముందు పొట్టలో వచ్చిన మార్పుల మీద పెట్టింది, మనిషికి ఆ ముందు పొట్టే లేదు. అంటే బీహెచ్ఏలోనూ చివరికి మాట్లాడింది పిల్లలే. 24వ రోజు శబ్దానికి ఉలిక్కిపడే టెస్ట్ చేసేటప్పుడు గదిలో తలుపు చప్పుడు, పక్క గదిలో వాషింగ్ మెషిన్ లేకుండా చూసుకోండి.

పెద్దయ్యాక మగవాటిలో వృషణం పక్కన వీర్యకణాలు నిలవుండే ఎపిడిడైమిస్ తోక నుంచి వీర్యకణాల కదలిక వెంటనే చూడాలి, టేబుల్ మీద చల్లారితే కదలిక తగ్గిపోతుంది. ఆడవాటిలో అండాశయంలో చిన్న ఫాలికల్స్, అంటే అండాలుండే తిత్తుల లెక్క.

414 గురించి కొంచెం. ఇంప్లాంటేషన్ నుంచి ఈనే ముందు రోజు దాకా డోస్, తర్వాత గర్భాశయం తీసి తూచి, కార్పస్ లూటియంలు (అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే గుర్తులు), ఇంప్లాంట్లు, బతికినవి, కరిగినవి లెక్క. చూలు లేదనిపించిన గర్భాశయాన్ని అమ్మోనియం సల్ఫైడ్‌లో పెట్టి చూడండి, చాలా ముందే పోయిన ఇంప్లాంట్లు నల్లటి చుక్కల్లా బయటపడతాయి. పిండాల్లో దాదాపు సగం ఎముకలకి, అలిజరిన్ ఎర్ర రంగు పట్టించి చూసేవి, మిగతా సగం లోపలి అవయవాలకి, తల కోసి చూసేటప్పుడు రెండు కళ్ళూ కొలవండి.

అంకెలు చదవడం

యూనిట్ ఈతే, పిల్ల కాదు. ఒక తల్లికి పుట్టిన పన్నెండు పిల్లలు పన్నెండు సాక్ష్యాలు కావు, ఒకే తల్లి, ఒకే పాలు, ఒకే కేజ్. 20 ఈతలుంటే మీ ఎన్, అంటే లెక్కలోకి వచ్చే శాంపిల్ సంఖ్య, 20 మాత్రమే, 240 అని వేస్తే లేని తేడా ఉన్నట్టు తేలుతుంది. పిల్ల బరువుకి ఈత సైజుని కోవేరియేట్‌గా, అంటే లెక్కలో సర్దుబాటు చేసే అంశంగా పెట్టాలి, ఎందుకంటే పెద్ద ఈతలో పిల్లలు చిన్నగా ఉంటాయి. బీహెచ్‌టీలో ఇది మరీ ముఖ్యం, అక్కడ ఈత సైజు కూడా డోస్‌తో తగ్గుతోంది. పిల్లలు తక్కువున్నప్పుడు మిగిలినవాటికి పాలు ఎక్కువ దొరికి బరువు పెరగాలి, అయినా బరువు తగ్గిందంటే నిజంగా ఏదో జరిగింది. హిస్టారికల్ కంట్రోల్ డేటా, అంటే పాత స్టడీల్లోని కంట్రోల్ గ్రూపుల అంకెలు చూసుకోవచ్చు గానీ, అదే స్ట్రెయిన్, అదే ల్యాబ్, దగ్గరి సంవత్సరాలవి అయ్యుండాలి, పదేళ్ళ పాత డేటా తెచ్చి తేడాని మాయం చెయ్యకూడదు. తల్లికి కొంచెం బరువు తగ్గింది కాబట్టి పిల్లకి జరిగిందంతా దాని వల్లేనని కొట్టిపారెయ్యకండి, తల్లికి 5 శాతం తగ్గి పిల్లకి 30 శాతం తగ్గితే ఆ మాట నిలబడదు.

హాని కనపడని పై డోస్ దొరికాక దాన్ని 100తో భాగిస్తారు, ఎలుకకీ మనిషికీ తేడాకి 10, మనిషికీ మనిషికీ తేడాకి 10. బీహెచ్‌టీ 25 అలా 0.25 అయింది, జెక్ఫా 1995లో 0.3 అంది. 0.25 చొప్పున 60 కిలోల మనిషికి రోజుకి 15 మిల్లీగ్రాములు. టీబీహెచ్‌క్యూకి 0.7 చొప్పున 42 మిల్లీగ్రాములు, మన నూనెల్లో దానికి అనుమతి 200 పీపీఎం కాబట్టి రోజుకి 30 గ్రాముల నూనె తిన్నా పూర్తి మోతాదు వేసి ఉంటే అందేది 6 మిల్లీగ్రాములు. 12 కిలోల పిల్లాడికి ఆ హద్దు 8.4 మాత్రమే, అందుకే ఎక్స్‌పోజర్ లెక్క వేసేటప్పుడు పెద్దవాళ్ళ సగటు ఒక్కటే చూపించి ఊరుకోకుండా, చిప్స్, బిస్కెట్లు, వేపుళ్ళు ఎక్కువ తినే పిల్లల లెక్క వేరేగా రాయాలి.

రిపోర్టు కట్టేటప్పుడు పిల్లల బరువు టేబుల్ పక్క పేజీలోనే అదే వారానికి తల్లి తిన్న ఫీడ్, నిజంగా అందిన డోస్, ఆ బ్యాచ్ పెరాక్సైడ్ వాల్యూ, విటమిన్ ఇ, కంట్రోల్ ఫీడ్‌లో దొరికిన బీహెచ్‌టీ, ఇథాక్సీక్విన్ అంకెలు పెట్టండి, అపెండిక్స్‌లో నాలుగొందలో పేజీకి తోసెయ్యకండి, రివ్యూ చేసేవాళ్ళు మొదట అడిగేది అదే.